ఈ వయసులో నేర్చుకోవడమా? అవును, ఈ వయసులోనే!

‘మతిమరుపు వస్తోంది డాక్టరుగారూ, జ్ఞాపకశక్తికి మాత్ర ఏదైనా రాయండి’ అని అడిగేవారు ఓపీలో రోజూ ఉంటారు. అలాంటివారికి మందుల చీటీలో మరో మాట కూడా రాయాలన్నది నా అభిప్రాయం: కాస్త కష్టమైన విద్యను, నలుగురితో కలిసి కొత్తగా నేర్చుకోండి. అలాంటి విద్యకు మంచి ఉదాహరణ ఇంగ్లండ్‌లో ఉంది. అదే చర్చి గంటలు మోగించడం.

అక్కడి చర్చి గోపురాల్లో చాలాచోట్ల ఆరు, ఎనిమిది గంటలు ఉంటాయి. సాధారణంగా ఒక్కో గంటకు ఒక తాడు, ఒక మనిషి. వారు మోగించేది పాట కాదు, వరసలు. 1, 2, 3, 4, 5, 6 అని మొదలుపెట్టి ప్రతిసారీ క్రమం మారుస్తూ పోతారు. ఆరు గంటలతో 720 వరసలు వస్తాయి. ఏడింటితో 5,040, ఎనిమిదింటితో 40,320. ఒక ఆవృత్తిలో మోగిన వరస మళ్లీ రాకూడదు. బరువైన గంట వేగాన్ని కొంచెమే మార్చగలం కనుక, ఏ గంటైనా ఒకసారికి ఒక్క స్థానమే జరగాలి, లేదా ఉన్నచోటే ఉండాలి. ఈ లెక్కల మీద 1668లోనే పుస్తకం అచ్చయింది. 1715లో నార్విచ్ నగరంలో 5,040 వరసలనూ ఏకబిగిన మోగించారు.

ఇన్ని అంకెలను ఎవరూ బట్టీ పట్టలేరు. రెండు చేతులూ తాడు మీదే ఉంటాయి కనుక కాగితం చూసే వీలూ లేదు. అందుకే ప్రతి ఒక్కరూ తన గంట నడిచే దారిని నేర్చుకుంటారు. మొదటి పాఠం పేరు ‘ప్లెయిన్ హంట్’. ఒక్కో స్థానం చొప్పున వెనక్కి జరగాలి. చివరికి చేరాక అక్కడ రెండు దెబ్బలు కొట్టి, అలాగే ముందుకు రావాలి. ముందూ రెండు దెబ్బలు. ఆరు గంటలైతే 12 మార్పుల్లో మళ్లీ మొదటి వరస వస్తుంది. తర్వాతి పాఠాల్లో ఈ దారికే మలుపులు కలుస్తాయి.

వైద్యుడిగా నన్ను ఆకట్టుకున్నది ఈ పద్ధతే. విడి అంకెలను మెదడు ఒకేసారి కొన్నింటినే పట్టి ఉంచగలదు. వాటి వెనకున్న క్రమం అర్థమైతే ఎంతో నిలుపుకుంటుంది. బట్టీ పట్టినవాడు తడబడితే అక్కడే ఆగిపోతాడు. సూత్రం తెలిసినవాడు పక్కవారి తాళ్లు చూసి, తన చోటు పోల్చుకుని, మళ్లీ కలుస్తాడు. కళ్లు, చెవులు, చేతులు, లెక్క, తోటివారు... అన్నీ ఒకేసారి కావాలి. ఫోన్‌లో ఒంటరిగా ఆడే మెదడు ఆటలతో ఎక్కువగా పెరిగేది ఆ ఆటలో నేర్పే.

మనం గోపురం ఎక్కాల్సిన పనిలేదు. మన జడ కోలాటమే ఉంది. తాళ్లు పట్టుకుని ఆడుతూనే జడ అల్లుతారు, ఆడుతూనే విప్పుతారు. ఒకరు దారి తప్పితే జడ చిక్కుపడుతుంది. కీళ్లు సహకరించకపోతే తబలా, కొత్త భాష, ఏదైనా సరే.

దీంతో డిమెన్షియా రాదని నేను అనడం లేదు. అయితే మార్చుకోగలిగిన 14 ముప్పులను సరిదిద్దితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. బీపీ, షుగర్, పొగతాగడం, వినికిడి లోపంతోపాటు ఒంటరితనం కూడా ఆ జాబితాలో ఉంది. మతిమరుపు పెరుగుతుంటే ముందు వైద్యులను కలవండి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు ఉన్నాయేమో తేల్చుకోండి. వీటికి చికిత్స ఉంది.

పిల్లలకూ ఒక మాట. అమ్మో నాన్నో ఏదైనా నేర్చుకుంటానంటే ‘ఈ వయసులో నీకెందుకు’ అనకండి. వినికిడి యంత్రం కావాలంటే కొనివ్వండి. వారానికి రెండు సాయంత్రాలు మనవల బాధ్యత మీరు చూసుకుని వారిని పంపించండి. జ్ఞాపకశక్తి మాత్రల కోసం పెట్టే డబ్బు కంటే ఆ రెండు సాయంత్రాలే వారికి ఎక్కువ అవసరం.