తండ్రి బాకీ, తనయుని బాధ్యత

హిందూపురానికి సమీపంలోని లేపాక్షిని చూడవచ్చిన వారికి స్థానికులు ఒక గోడను తప్పక చూపిస్తారు. విజయనగర ప్రభువు అచ్యుత దేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, తన సోదరుడు వీరణ్ణతో కలిసి అక్కడి ఆలయాన్ని కట్టించాడు. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము వెచ్చించాడనే నింద అతని మీద పడిందనీ, రాజు శిక్షించేలోగా అతడు తన కళ్ళను తానే పెరికి ఆ గోడకు విసిరాడనీ, అక్కడి ఎర్రని మరకలు వాటివేననీ జనం చెప్పుకుంటారు. ఇది జనశ్రుతి, చరిత్ర అనలేము. అయినా తరతరాలుగా ఈ కథ నిలవడంలో ఒక సత్యం ఉంది. పరుల సొమ్ము చేతిలో ఉన్నవాని లెక్క తేలకపోతే, అతడు ఎంత గొప్ప పని చేసినా మచ్చ మిగిలిపోతుంది.

ఆ గోడ తలపుకు వచ్చినప్పుడల్లా మాకు ఇంకొక ఖజానాదారు జ్ఞాపకం వస్తారు. ఆయన ఏ రాజుకూ కోశాధికారి కారు. ప్రజలే ఆయనను వెతుక్కుంటూ వచ్చి తమ సొమ్ము అప్పగించేవారు. ఆయన మరణించిన తరువాత ప్రతి లెక్కా తేలింది. ఆయనే హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి).

ఆయన దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి మేనత్త హజ్రత్ సఫియా (రజి) కుమారులు. హజ్రత్ ఖదీజా (రజి) గారికి సోదరుని కుమారులు. ఇహలోకంలోనే స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. హజ్రత్ అబూబకర్ (రజి) కుమార్తె అస్మా (రజి) ఆయనను వివాహమాడిన నాటికి ఆ ఇంట ఒక గుర్రం, నీళ్ళు మోసే ఒక ఒంటె తప్ప చెప్పుకోదగిన ఆస్తి లేదు. ఆ మహాసాధ్వి దూరపు పొలం నుండి ఖర్జూరపు గింజలను తలపై మోసుకొచ్చేవారు, నీళ్ళు తోడేవారు, పిండి పిసికేవారు. అబ్దుల్లా, ముంజిర్, ఉర్వా వంటి బిడ్డలు పెరిగింది ఆ ఇంటనే. ఆ బిడ్డలకు అమరవీరుల పేర్లు పెట్టుకున్న తండ్రి ఆయన.

కాలక్రమంలో అల్లాహ్ ఆయనకు సంపదను ప్రసాదించాడు. జనం తమ ధనాన్ని ఆయన వద్ద దాచుకోవడానికి తెచ్చేవారు. ఆయన మాత్రం దానిని అమానతుగా స్వీకరించక, తనకు అప్పుగా ఇవ్వమనేవారు. ఆ సొమ్ము పోతుందేమోననే భయమే అందుకు కారణం.

ఈ మాటలోని లోతును పాఠకులు గమనించాలి. అమానతు సొమ్ము, దాచినవాని అశ్రద్ధ లేకుండా దొంగల పాలైనా అగ్నికి ఆహుతైనా, షరీఅతు ప్రకారం అతడు పరిహారం చెల్లించనక్కరలేదు. అప్పు అలా కాదు. ఏ ఆపద వచ్చినా తీర్చవలసిందే. అంటే ఆయన నష్టాన్నంతా తన తలమీదికి తెచ్చుకుని, సొమ్ము గలవారికి నిశ్చింతను ఇచ్చారు. సొమ్ము అప్పుగా మారినందువల్ల దానిని వినియోగించుకునే హక్కూ ఆయనకు కలిగింది. నేటి బ్యాంకులో మనం వేసే డిపాజిట్టు కూడా చట్టం దృష్టిలో బ్యాంకుకు మనమిచ్చిన అప్పే. ఆ పద్ధతికి శతాబ్దాలకు పూర్వమే, వడ్డీ అనే మలినం అంటకుండా, ఒక విశ్వాసి ఇంటి గడపలో అది నడిచింది.

హిజ్రీ 36లో (క్రీ.శ. 656) జమల్ యుద్ధం నాడు ఆయన కుమారుడు అబ్దుల్లా (రజి)ని పిలిచారు. తాను ఆ రోజు అన్యాయంగా చంపబడతానని తోస్తున్నదనీ, తనకున్న పెద్ద దిగులు అప్పులేననీ చెప్పారు. ఆస్తి అమ్మి బాకీలు తీర్చమన్నారు. తీర్చగా మిగిలిన దానిలో మూడవ వంతును వసీయతు చేసి, అందులో మూడవ వంతు అబ్దుల్లా బిడ్డలకు చెందాలన్నారు. ఎక్కడైనా చేతకాకపోతే తన యజమాని సహాయం కోరమన్నారు. ఆ యజమాని ఎవరని కుమారుడు అడిగితే, అల్లాహ్ అని సమాధానమిచ్చారు. ఆ పిమ్మట ఆయన హతులయ్యారు.

నగదు ఏమీ మిగల్లేదు. ‘గాబా’ అనే భూమి, మదీనాలో 11 ఇళ్ళు, బస్రాలో 2, కూఫాలో ఒకటి, ఈజిప్టులో ఒకటి ఉన్నాయి. అప్పు లెక్కిస్తే 22 లక్షలు తేలింది! అబ్దుల్లా (రజి) వెనుదీయలేదు. కష్టం వచ్చినప్పుడల్లా తండ్రి చెప్పిన యజమానినే వేడుకున్నారు. తండ్రి 1,70,000కు కొన్న గాబా భూమికి 16 లక్షల విలువ కట్టారు. తనకు రావలసిన 4 లక్షలను వదులుకుంటానని అబ్దుల్లా బిన్ జాఫర్ (రజి) ముందుకు వస్తే, దానికీ అంగీకరించక, ఆ మేరకు భూమి ఇచ్చి ఆయన బాకీ తీర్చారు.

అప్పులు తీరాక సోదరులు వాటాలు పంచమన్నారు. అబ్దుల్లా (రజి) ఒప్పుకోలేదు. వరుసగా నాలుగు సంవత్సరాలు హజ్జ్ సమయంలో, జుబైర్ వద్ద ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి తీసుకోవలసిందని చాటించారు. ఆ గడువు ముగిసిన తరువాతనే వారసత్వం పంచారు.

మా ప్రాంతంలో జనాజా వద్ద నేటికీ ఆ చాటింపు వినిపిస్తుంది. మరణించిన వారు ఎవరికైనా బాకీ ఉంటే నన్ను అడగండి అని కొడుకు చేతులు జోడిస్తాడు. కాని నిజంగా అడగవచ్చిన వారికి ఏమవుతున్నది? ధర్మవరం మగ్గాల వీధుల్లోనైనా, హిందూపురం బజారులోనైనా, ఇచ్చిపుచ్చుకునే సొమ్ములో ఎంతో భాగం మాట మీదనే నడుస్తుంది. చీటీ నడిపే మనిషికి, ఇరుగుపొరుగు నగలు దాచే అమ్మకు, గల్ఫ్ నుండి తమ్ముడు పంపిన డబ్బు కాపాడే అన్నకు వారి మాటే పత్రం. ఆ నోరు మూతపడిన నాడు మాటకు సాక్షి ఎవరు? కాగితం లేదంటూ వారసులు ముఖం తిప్పుకుంటే, బాధ్యత తీరని భారం కబరులోని తండ్రిదే కదా!

దివ్య ఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయతు (2:282) అప్పును వ్రాసి ఉంచుకోమని ఆదేశించేదే. అందుచేత మేము పాఠక కుటుంబాలను కోరేది చిన్న పని. ఈ రాత్రే ఒక పుస్తకం తీయండి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి సొమ్ము మీ వద్ద ఉందో, మీకు ఎవరు ఇవ్వాలో వ్రాయండి. ఆ పుస్తకం ఎక్కడ ఉన్నదో భార్యకూ బిడ్డలకూ చెప్పండి. హజ్రత్ జుబైర్ (రజి) ఆస్తిని చెప్పకముందు అప్పును చెప్పారు. ఆ క్రమం తెలిసిన బిడ్డలే తండ్రి గౌరవాన్ని కాపాడారు.