అభిషిక్తుని ముట్టరాదను మాట ఎవరి పక్షము?

కొండపల్లి ఖిల్లా దిగువనున్న మా సంఘమునకు ఒక కుటుంబము వచ్చుచున్నది. అనేక సంవత్సరములు ఒక ప్రార్థన గుంపులో ఉండి బయటపడినవారు. తండ్రి పొణికి కర్రతో బొమ్మలు చెక్కు పనివాడు. అక్కడి నాయకుడు దశావతారముల బొమ్మలు చెక్కరాదని అతని పని మాన్పించెను; పస్తులున్న దినములలో గింజలు పంపలేదు. తల్లి మెడలోని గొలుసు కానుకగా పుచ్చుకొనెను. కుమార్తె పెండ్లి సంగతి తానే నిర్ణయింపబోగా వారు కాదనిరి. ఆ ఆదివారము వారి పేరెత్తి శపించెను. అంతటినుండి తోడబుట్టినవారు సైతము వారితో మాటలాడలేదు.

మా ఆలయములో వారు వెనుక చాపమీద కూర్చుండి, ఆశీర్వచనమునకు ముందే లేచి పోవుచుండిరి. మనవారేమనిరి? "దైవజనుని ఎదిరించి వచ్చినారట" అని ఒకరు. "ఇన్నేండ్లు కండ్లు మూసికొనిరా?" అని మరియొకరు. ఇతరుల మాట ఎందుకు? నేనే ఆ తల్లితో, "అమ్మా, క్షమించి సర్దుకొనిపొండి" అంటిని. ఆమె నా ముఖము చూచి, "అయ్యగారూ, అక్కడ ఆయన కూడా ఇదే మాట అనేవారండి" అనినది. వేదపాఠశాలలో నేర్చిన గ్రీకు నాకు ఆ పూట అక్కరకు రాలేదు.

ప్రియులారా, 105వ కీర్తన తెరచి చూడుడి. అభిషిక్తులను ముట్టరాదను మాట అక్కడ ఎవరినిగూర్చి? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులనుగూర్చి. అప్పటికి వారు కొద్దిమంది. దేశదేశములు తిరుగు పరదేశులు. హెచ్చరిక ఎవరికి? రాజులకు! బలహీనుని కాపాడుటకు పలికిన మాటను బలవంతుడు తన కుర్చీచుట్టు కంచెగా కట్టుకొనుచుండగా, మనము ముండ్లు అందించుచున్నాము.

దావీదు సౌలును చంపలేదే అందురు. నిజమే. అయితే 1 సమూయేలు 26వ అధ్యాయము చివరివరకు చదువుడి. ఇక కీడు చేయను, తిరిగి రమ్మని సౌలు పిలిచెను. దావీదు ఈటెను అప్పగించి తన త్రోవను పోయెనే గాని సౌలు ఇంటికి తిరిగి పోలేదు. క్షమించుట వేరు, మరల ఆ ఈటె యెదుట కూర్చుండుట వేరు. ఇక సమాజముగా కూడుట మానరాదని హెబ్రీ పత్రిక చూపువారికి ఒక్కటే ప్రశ్న: ఆ తల్లి మానినదా? మన చాపమీదనే కూర్చున్నది గదా!

విడిచివచ్చినవారి మాటను త్రోసివేయుట చిన్న తప్పు కాదు. 1978 నవంబరు 18న గయానా దేశములో జిమ్ జోన్సు అను బోధకుని మాటకు లోబడినవారు, పసిపిల్లలతో కూడ, 900 మందికి పైగా చనిపోయిరి. ఆ గుంపును విడిచినవారు కొందరు అంతకుముందే హెచ్చరించియుండిరి. వారిని ద్రోహులనిరి.

ఆ తల్లిని సాక్ష్యము చెప్పుమని బలవంతపెట్టరాదనియు, ఈ సంవత్సరము ఆ ఇంటికి చందా పుస్తకము పట్టుకొని పోరాదనియు మా స్త్రీల సమాజమునకు చెప్పితిని. కొందరికి నా మీద కోపము వచ్చినది. రానిండు.