కట్టువాని మాట, కాగితపు మాట

వనపర్తి జిల్లాలోని పానగల్లు దుర్గమును (నల్లగొండ చెంత గుళ్లున్న పానగల్లు వేఱు) చూచినవా రెవ్వరును దానిని మాటలు రాని మూగవారు కట్టిరని యనుకొనరు. కొండమీద ఏడు ప్రాకారములు, నడుమ బాలాహిసారు. 1417వ సంవత్సర ప్రాంతమున ఫిరోజుషా బహమనీ యీ కోటను ముట్టడించి, రెండేండ్లు కాచుకొని కూర్చుండి, తుదకు దేవరాయల సేనచేత నోడి మరలిపోయెను. రాయి తీసినవాడు, చెక్కినవాడు, మోసినవాడు, పేర్చినవాడు, సున్నము నూరినవాడు ఒకరితో నొకరు మాటలాడుకొననిదే యట్టి గోడలు నిలుచునా? 1604 నాటి యిక్కడి శాసనము పారసీకముననేగాక తెలుగునను గలదు. ప్రభుత్వభాష పారసీకమైనను, ప్రజలు చదువుకొనవలెనన్న తెలుగున చెక్కింపవలెనని యానాటి కోట సర్దారునకు దెలిసియుండెను.

ఆ తెలివి నేటివారికి లేకపోవుటయే మా విచారమునకు హేతువు. ఆ కోట క్రింది పల్లెలో నొక పాఠశాల గది కట్టవలెనన్న అంచనా ఇంగ్లీషున, ఒడంబడిక ఇంగ్లీషున, కొలతల పుస్తకము ఇంగ్లీషున నుండును. తెలుగును అధికారభాషగా నొప్పుకొనుచు 1966లో చట్టము చేసికొంటిమి. ఆ చట్టము పుట్టి అఱువది యేండ్లు కావచ్చినను, ఇసుక, సున్నము, రాయి, ఇటుకల కడకు మాత్ర మది యింకను నడచి రాలేదు.

ఇదేదో పండితుల భాషాభిమానపు గొడవ యని చదువరులు త్రోసివేయరాదు. ఇందు కూలివాని కూడు ముడిపడియున్నది. పాలమూరు కూలి యన్న పేరు దేశమంతట వినబడినదే. రాతికట్టడపు ఆనకట్టలలో అగ్రగణ్యమైన నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగిన నాటినుండి నేటి హైదరాబాదు మేడలవఱకు వీరి చేయి పడని పెద్దకట్టడము లరుదు. గుంపుమేస్త్రీ చేత బయానా పుచ్చుకొని, ఆలుబిడ్డలతో ఊరు విడిచిపోయిన యీ మనుష్యునకు కూలి నిర్ణయించునది కొలత. అతడు త్రవ్వినచోట లోతు తెలియుటకై మధ్య మధ్య మట్టిదిమ్మెలు వదలును. ఆ దిమ్మెను అడుగులలో తానును కొలుచుకొనగలడు. పుస్తకములో దాని కొలత మీటర్లలో, తనకు రాని లిపిలో ఎక్కును. ఒక ఘనపు మీటరనగా ముప్పదియైదు ఘనపుటడుగులకు పైమాట యని యతని కెవరు చెప్పిరి? గోడను తొమ్మిదంగుళములని తాను కట్టును. కాగితమందది 230 మిల్లీమీటర్లగును. క్రింద వేలిముద్ర మాత్రము అతనిది. తప్పు జరిగినదో లేదో తెలిసికొనుటకే దారి లేని చోట, తప్పు జరుగలేదని యెవరు ప్రమాణము చేయగలరు?

కూలివాని మాట యటుంచుడు. తన బిడ్డలు కూర్చుండబోవు గది గోడలో సిమెంటొక పాలునకు ఇసుక ఆఱు పాళ్లు కలుపవలెనా, పది పాళ్లు కలుపుచున్నారా యని యడుగు హక్కు ఆ యూరివారికి లేదా? కప్పు పోసిన పిమ్మట కనీసము ఏడుదినములు నీళ్లు పట్టవలెనని ఒడంబడికలో నుండును, కాని “క్యూరింగు” అను ముసుగు వేసికొని యుండును. నాల్గవనాడే నీళ్లు మానినను అడుగువాడు లేడు. తెలుగున వ్రాసిన షరతునకు ఊరంతయు కాపలా కాయును.

“అయ్యా, తెలుగున మాట లేవీ?” యని ఇంజనీర్లు నవ్వుదురు. మాటలు లేకున్నచో ఇండ్లెట్లు కట్టుచున్నారు? గడప, ద్వారబంధము, దూలము, మొగురము, వాసము, చూరు, అటక, అరుగు, వసారా, మండువా, పిట్టగోడ! పిట్టగోడ యన్నమాట విన్నంతనే అది కప్పుపైన నెక్కడ నుండునో, ఎంత పొట్టిదో కనులకు గట్టును. ద్రవము నిండిన గాజుగొట్టముతో మట్టము చూచు పనిముట్టు సీమనుండి దిగినప్పుడు ఏ పరిషత్తును, ఏ సంఘమును సమావేశము కాలేదు. పనిచోటనే యెవడో తెలుగు మేస్త్రీ దానిని చూచి “రసమట్టము” అన్నాడు, అదియే నిలిచినది. ఇనుపకడ్డీ వచ్చిన చువ్వ యన్నాడు. ఇంతటి నేర్పుగలవానిని పట్టుకొని మాటలు లేవనుట సాహసము.

అట్లని మాటలు పుట్టించెదమని బయలుదేఱు పండితుల పక్షమును మేము వహింపము. వారి చేతికిచ్చిన కాంక్రీటును శిలాచూర్ణసంమిశ్రణమనియో మఱేదియో చేసి విడిచిపెట్టుదురు. అప్పుడు మేస్త్రీకి ఇంగ్లీషుతోబాటు సంస్కృతమును అడ్డుగోడయే యగును. పునాది యన్నమాటయే పారసీకపు బునియాదు. గచ్చు, కమాను అక్కడివే. మేస్త్రీ పోర్చుగీసువారి మాట. వచ్చినవానిని తెలుగువాడు తన నోటికి దగినట్లు చెక్కుకొన్నాడు. సిమెంటు, కాంక్రీటు, స్లాబు అట్లే యుండనిండు. వానిని ఇంటనుంచుకొని మన చూరును, దూలమును బజారున పడవేయవద్దనియే మా ప్రార్థన.

ఊరికొక మాట యున్నది గదా, దేని నెన్నుకొందుమని యింకొక యాక్షేపణ. నిజమే, పనివా రెక్కి నిలుచు కఱ్ఱల కట్టును ఒకచోట పరంజ యందురు, మఱొకచోట గోవ యందురు. ఈ చిక్కును పరిష్కరించుటకే గదా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశములను పూనుకొన్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయపదకోశము 1962లో వెలువడినది. బూదరాజు రాధాకృష్ణగారి వాస్తుపదకోశము 1968లో వచ్చినది. పనివారి నోటి మాటలను ప్రాంతప్రాంతమున సేకరించి కూర్చిన గ్రంథ మది. తరువాత నేమైనది? 1983లో అకాడమీయే రద్దయినది. పదకోశము గ్రంథాలయపు అలమారు చేరినది. దానిని తెఱచి అంచనా వ్రాసిన కచేరీ యొకటైన నున్నచో మాకు తెలుపుడు, సంతోషముతో ప్రకటింతుము.

దేశభాషలో ఇంజనీరింగు చెప్పుట యసాధ్యమను మాట హైదరాబాదు రాజ్యమున పుట్టినవారి నోట రాదగినది కాదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము తర్జుమాశాఖను పెట్టి, పారిభాషికపదములు కూర్చి, శాస్త్రములన్నియు ఉర్దూలో బోధించినది. ప్రజలలో అధికసంఖ్యాకుల భాషను విడిచి పాలకుల భాషను బట్టుట యన్యాయమే. కాని పని సాధ్యమని మాత్రము ఋజువైనది. 1948 తరువాత ఉర్దూ స్థానమున తెలుగు వచ్చునని యెదురుచూచిన వారికి ఇంగ్లీషు వచ్చినది! 2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి తెలుగున ఇంజనీరింగు బోధనకు అనుమతి నిచ్చినది. ఆ యనుమతిని వాడుకొన్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. ఇతర రాష్ట్రముల కొలువులకు ఇంగ్లీషు వలయునందురు. నేర్చుకొననిండు, ఎవరు వలదనిరి? వనపర్తి రాజభవనమున 1959 మొదలు పాలిటెక్నిక్కు నడచుచున్నది. అందు చదివినవాడు పానగల్లు మేస్త్రీతో నిలువున పదినిముషములు తెలుగున పని మాటలాడలేకున్న, ఆ చదువు సగము చదువే.

మాట పోయిన పని పోవునని భయపడుచున్నాము. గానుగసున్నము, డంగుసున్నము అను పదములు వినని తరము వచ్చినది. ఆ తరమువాడు పాత సున్నపుగోడకు సిమెంటు మెత్తును. లోని తడి వెలికి రాలేక రాయిని తినివేయును. ఏడు ప్రాకారముల కోటను బాగుచేయుదమని రేపు ప్రభుత్వము తలపెట్టినచో, ఏ పాళ్లతో ఎన్నాళ్లు సున్నము నానవలెనో చెప్పువాడు ఆ చుట్టుపట్ల మిగిలియుండవలదా?

వనపర్తి, గద్వాల, నాగరకర్నూలు జిల్లాల అధికారులను మేము కోరునది పెద్దపని కాదు. ఈ సంవత్సరము కట్టబోవు బడిగదుల ఒడంబడికలను ఇంగ్లీషుతోబాటు తెలుగునను అచ్చొత్తింపుడు. కలుపవలసిన పాళ్లను, నీళ్లు పట్టవలసిన దినములను పనిచోట పలకమీద వ్రాయింపుడు. కొలతల పుస్తకమున వ్రాసిన పుటను కూలివానికి అడుగులలో, తెలుగున చదివి వినిపించి, పిమ్మట వేలిముద్ర వేయించుకొనుడు.