తెలుగున లేని తీరము

సముద్రములో నున్నంతవరకు ఆ చేప పేరు ఇలస. వానకాలమున ఎర్రనీరు దిగినప్పుడు గోదావరి మొగలలో ప్రవేశించి, వరదకు ఎదురీది పైకి వచ్చిన పిదప అదే పులస. చేప మారలేదు, నీరు మారినది, రుచి మారినది, కనుక పేరును మారినది. ఉప్పునీటికిని మంచినీటికిని నడుమ గల ఎల్లను ఒక్క అక్షరము మార్చి గుర్తించిన జాలరుల భాష అది. సాహిత్యపుటలో సహజవాయువు ప్రసక్తి యేల యని శంకించు పాఠకులకు ముందుగా ఈ చేపను చూపుచున్నాను. తీరమున వాయుకేంద్రము కట్టుదు మన్నప్పుడు గొట్టము వచ్చి దిగునది, వాడిన నీరు పోయి కలియునది ఇంచుమించు ఆ ఎల్ల కడనే.

మన డెల్టాకు వాయువు కొత్తది కాదు. ఓడలరేవు అను పేరు వినగానే తెరచాపలు తలపునకు వచ్చును. నే డచ్చట సముద్రగర్భమునుండి వచ్చు వాయువును శుద్ధిచేయు కేంద్రము కలదు. గాడిమొగలో 2009 నుండి మరియొకటి పనిచేయుచున్నది. కాకినాడ తీరమున ద్రవరూపవాయువును ఓడలనుండి దింపుకొని మరల ఆవిరిగా మార్చు కేంద్రము నెలకొల్పవలెనని పదేండ్లకు పైగా ప్రతిపాదనలు వచ్చుచునే యున్నవి. నేను వాయువునకు విరోధిని కాను. అది ఎరువగుచున్నది, విద్యుత్తగుచున్నది, బొగ్గుకంటె తక్కువ పొగతో మండుచున్నది. నా ప్రశ్న వేరు.

భూగర్భమునుండి వచ్చిన వాయువు వచ్చినట్లే పొయ్యికి పనికిరాదు. దానివెంట నీరు, ఉప్పు, తేలికనూనె వచ్చును. కొన్నిచోట్ల కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టు గంధకవాయువును వచ్చును. వీనిని వేరుచేయుటయే శుద్ధి. వేరుచేసిన నీ రెచటికి పోవలెను? ద్రవవాయువు సున్నకు దిగువ 162 డిగ్రీల చలిలో నుండును. దానిని వెచ్చజేయుటకు సముద్రజలమును వాడు పద్ధతిలో, ఆ జలము చల్లబడి, పాచి పట్టకుండ కలిపిన క్లోరినుతో తిరిగి సముద్రమునకే పోవును. ఎట్టి చేపగ్రుడ్ల మీదికి? మిగులువాయువును మండించు స్తంభపు వెలుగు రాత్రివేళ ఏ యిసుకపై పడును? ఈ తీరమున గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లే తాబేళ్ల పిల్లలు వెలికి వచ్చిన రాత్రి, వెలుతు రెక్కువగా నున్న దిక్కే సముద్రమని నమ్మి నడచును.

ఇవి యన్నియు పర్యావరణ ప్రభావ నివేదికలో నుండవలసిన ప్రశ్నలే. పెక్కింట నుండును గూడ. కాని అవి ఇంగ్లీషున నుండును. 2006 సెప్టెంబరు 14వ తేదీ ఉత్తర్వు ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణమునకు 30 దినములు ముందుగా ప్రకటన చేయవలెను. ప్రాంతీయభాషలో సంగ్రహ మీయవలెను. సంగ్రహము మాత్రమే. వందల పుటల మూలము పల్లెకు మూతపడిన పుస్తకమే.

అట్టి తెలుగు సంగ్రహము నొకదానిని తరగతిలో చదివించితిని. మొగ యను మాట అందు లేదు, ముఖద్వార మున్నది. మడ లేదు, మాంగ్రోవ్ వృక్షజాల మున్నది. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న, ఏ చెట్టునకును పేరు లేదు. పర్రకు ‘నిరుపయోగభూమి’ యని వ్రాసిరి. సముద్రపుటొడ్డు గ్రామమునుండి వచ్చు విద్యార్థి యొకడు లేచి, “పర్ర నిరుపయోగమేంటండీ? మా గేదెలు మేసేదక్కడే, పీతలు పట్టేదక్కడే కదండీ” అనెను. నా కడ సమాధానము లేకపోయెను. ఆ యొక్క మాటతో గేదెలును పీతలును లెక్కలోనుండి తొలగిపోయినవి; లెక్కలో లేనిదానికి నష్టపరిహార ముండదు. ఇందు పాపమంతయు నివేదిక వ్రాసిన వారిది కాదు. వాడుకలో నున్న మాటను త్రోసి సంస్కృతసమాసమును కూర్చుటయే పాండిత్యమని బోధించిన మా వంటి తెలుగు పండితులకును భాగ మున్నది. ఈ వాక్యమును ఏ భాషలో వ్రాయుచున్నానో పాఠకులు గమనించియే యుందురు.

మాట తెలియకపోవుట ఎంత దూరము పోవునో నగరము గ్రామము చూచినది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అచట వాయువు గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. పొడివాయువునకై వేసిన గొట్టములో నీరు కలిసిన తడివాయువు పారినదనియు, లోపల తుప్పుపట్టినదనియు పిమ్మట విచారణలో వెల్లడియైనది. పొడి, తడి: చంటిపిల్లకును తెలిసిన మాటలివి. మీ ఇంటిప్రక్క గొట్టములో పోవునది పొడిదా, తడిదా యని ముందే తెలుగున చెప్పియున్నచో ఆ యూరివా రడుగక మానుదురా? అంతకుముందు, 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినది. కొత్త కేంద్రపు సంగ్రహములో ఈ రెండు పేర్లును ఉండవలెను.

మడ సంగతి మరియొక మాట. కోరంగి అభయారణ్యము 1978లో ఏర్పడినది. దాని వైశాల్యము 235 చదరపు కిలోమీటర్లు. బురదనుండి పైకి నిలిచిన ఆ వేళ్లనడుమనే రొయ్యపిల్ల, పీతపిల్ల పెరుగును. 1839 తుపానులో కోరంగి రేవు నాశనమైనది. 1996 నవంబరు 6న కోనసీమ తీరము మరల శవములను లెక్కించినది. ఉప్పెనకును ఊరికిని నడుమ మడ యున్నచోట అల వేగము తగ్గును. ఎన్ని యెకరములు పోవునో వ్రాసినంత చాలదు, ఏ యూరి ముందరివో వ్రాయవలెను.

గడచిన యేండ్లలో నడక వెనుకకే సాగినది. 2020 జనవరిలో నిబంధనలు మార్చి, అన్వేషణకై త్రవ్వు బావులకు ప్రజాభిప్రాయ సేకరణము అక్కరలేదనిరి. ఆ యేడే వెలువడిన ముసాయిదాలో 30 దినముల గడువును 20కి కుదింప ప్రతిపాదించిరి. ఆ ముసాయిదానైనను 22 భాషలలో ప్రకటింపవలెనని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆదేశింపవలసి వచ్చినది.

కోరునది పెద్దది కాదు. మూలనివేదిక యంతయు తెలుగున రావలెను. దానిని వ్రాయునప్పుడు జాలరిని, పర్రలో గేదెలు కాచు స్త్రీని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పేర్లడుగవలెను. మా తెలుగు శాఖలవారు కూలి యడుగక ఆ పని చేయగలరు. సభను ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, మరపడవల వేట ఆగిన దినములలో పెట్టవలెను. ఎర్రనీరు దిగిన పిదప పెట్టినచో షామియానా యుండును, కుర్చీ లుండును; జాలరులు వలలతో మొగ కడ నుందురు.