ఒకే బెల్టు మోజు

ప్రొఫెషనల్ బాక్సింగ్‌ని వెక్కిరించడమంత సులువైన పని క్రీడా రచయితలకు మరొకటి లేదు. మగవాళ్లకు అన్ని సంస్థలూ గుర్తించే బరువు విభాగాలు 17. ప్రపంచ టైటిళ్లు ఇచ్చే పెద్ద సంస్థలు నాలుగు: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ. లెక్క కడితే ఒకే సమయంలో 68 మంది ప్రపంచ ఛాంపియన్లు ఉండొచ్చు. అక్కడితో ఆగినా కాస్త నయమే. డబ్ల్యూబీఏ ఒకే విభాగంలో ‘సూపర్’, ‘రెగ్యులర్’, ‘ఇంటరిమ్’ అంటూ అంతస్తులు లేపింది, ‘గోల్డ్’ కూడా తగిలించింది. డబ్ల్యూబీసీ దగ్గర ‘సిల్వర్’ ఉంది, ‘డైమండ్’ ఉంది, 2019లో కనెలో అల్వారెజ్ కోసం పుట్టించిన ‘ఫ్రాంచైజ్ ఛాంపియన్’ హోదా ఉంది. డబ్ల్యూబీఓ అయితే 2000 అక్టోబరులో చనిపోయిన డారిన్ మోరిస్ అనే బాక్సర్‌ని ఆ తర్వాత కూడా ర్యాంకింగుల్లో పైకి జరుపుతూ పోయి 2001లో ఐదో స్థానానికి తెచ్చింది. పోయినవాళ్లు స్వర్గానికి వెళ్తారని విన్నాం గానీ, ర్యాంకు కూడా పెరుగుతుందని అప్పుడే తెలిసింది.

ఇదంతా నిజం. నవ్వాల్సిందే. నా పేచీ ఆ నవ్వుతో కాదు, నవ్వడం అయ్యాక అభిమానుల నుంచి వ్యాఖ్యాతల దాకా అందరూ వల్లించే మాటతో. ఒకప్పుడు ఎనిమిది విభాగాలు, ఎనిమిది మంది ఛాంపియన్లు, వాళ్ల పేర్లు పసిపిల్లలకు కూడా తెలుసు. ఈ సంస్థలన్నీ ఎత్తేసి విభాగానికి ఒక్క బెల్టు పెడితే ఆట బాగుపడుతుంది అన్నదే ఆ మాట. దాన్ని ఇప్పుడు కాదనేవాడు దాదాపు లేడు. అందుకే కాదనాలనిపిస్తోంది.

ఆ ‘ఒకప్పుడు’ ఎలా ఉండేదో చూద్దాం. 1915లో హవానాలో నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ జాన్సన్ ఓడిపోయాక, 1937లో షికాగోలో జో లూయిస్ బరిలోకి దిగేదాకా, ఇరవై రెండేళ్లపాటు ఒక్క నల్లజాతి బాక్సర్‌కి కూడా హెవీవెయిట్ టైటిల్ కోసం పోటీపడే అవకాశం ఇవ్వలేదు. నల్లజాతి బాక్సర్ హారీ విల్స్ ఏళ్ల తరబడి ఛాంపియన్ జాక్ డెంప్సీకి అసలైన ప్రత్యర్థి. డెంప్సీ ముందు విల్స్‌తో తలపడాలని 1926లో న్యూయార్క్ కమిషన్ పట్టుబడితే, నిర్వాహకులు తేలిగ్గా ఒక దారి చూసుకున్నారు: డెంప్సీ-టనీ పోటీని ఫిలడెల్ఫియాకు మార్చేశారు. విల్స్‌కి ఆ అవకాశం ఎన్నడూ రాలేదు. కిరీటం ఒక్కటే కాబట్టి, దానికి కాపలా ఉన్నవాళ్లు వద్దంటే వెళ్లి తలుపు తట్టడానికి మరో చోటు లేదు. 1940లలో చార్లీ బర్లీ అనే మిడిల్‌వెయిట్‌ని పేరున్న ఛాంపియన్లు తప్పించుకు తిరిగారు, ప్రపంచ టైటిల్ పోటీ ఒక్కటీ ఆడకుండానే అతని కెరీర్ ముగిసింది. స్వర్ణయుగం అన్నప్పుడు ఈ పేర్లు ఎందుకో ఎవరికీ గుర్తు రావు.

యుద్ధం తర్వాత పరిస్థితి ఇంకా దిగజారింది. జో లూయిస్ రిటైరైన 1949లో జేమ్స్ నోరిస్ అనే వ్యాపారవేత్త, అతని మనుషులు ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ అనే కంపెనీ పెట్టారు. పద్ధతి చాలా సూటిగా ఉండేది. ఛాంపియన్‌తో పోటీ కావాలా? నువ్వు గెలిస్తే నీ తర్వాతి పోటీలన్నీ మా ద్వారానే ఆడతానని ముందే సంతకం పెట్టు. అంటే ఎవరు గెలిచినా ఛాంపియన్ వాళ్ల మనిషే. 1949 జూన్ నుంచి 1953 మే దాకా అమెరికాలో జరిగిన 44 ఛాంపియన్‌షిప్ పోటీల్లో 36 ఈ క్లబ్ చేతిలోవే. చివరికి 1959లో అమెరికా సుప్రీంకోర్టు, గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దాన్ని రద్దు చేయాలన్న తీర్పును ఖాయం చేసింది. తెర వెనక ఫ్రాంకీ కార్బో అనే మాఫియా మనిషి ఉండేవాడు. ఒక వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ సంపాదనలో వాటా కోసం బెదిరించిన కేసులో 1961లో అతనికి 25 ఏళ్ల శిక్ష పడింది.

జేక్ లామోటా కథ కూడా ఆ రోజులదే. 1947లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బిల్లీ ఫాక్స్ చేతిలో కావాలనే ఓడిపోయానని 1960లో సెనెట్ విచారణ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. ఎందుకు? టైటిల్ పోటీ దక్కడానికి. ఓడిపోవడమే కాదు, పైగా 20,000 డాలర్లు చెల్లించానన్నాడు కూడా. 1949లో ఆ అవకాశం దొరికింది, మార్సెల్ సెర్డాన్‌ని గెలిచి మిడిల్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచంలో మిడిల్‌వెయిట్ ఛాంపియన్ ఒక్కడే ఉన్న పవిత్ర కాలమది. ఇవాళ బెల్టు మీద ఫీజు గుంజుతున్నారని గుండెలు బాదుకునేవాళ్లు, అప్పట్లో ఆ ఫీజు ఏ రూపంలో కట్టాల్సి వచ్చేదో ఒకసారి చదువుకుంటే మంచిది.

బెల్టులు రెండయింది 1960లలో. 1921లో అమెరికాలో పుట్టిన నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్ 1962లో పేరు మార్చుకుని డబ్ల్యూబీఏ అయింది. మరుసటి ఏడాది మెక్సికో నగరంలో డబ్ల్యూబీసీ పుట్టింది. 1983లో ఐబీఎఫ్, 1988లో ప్యూర్టోరికోలో డబ్ల్యూబీఓ వచ్చాయి. వీటిని ఆదర్శ సంస్థలని ఎవరూ అనరు. డబ్ల్యూబీసీని హోసే సులైమాన్ 1975 నుంచి 2014లో చనిపోయేదాకా ఏలాడు, తర్వాత కొడుకు కూర్చున్నాడు. డబ్ల్యూబీఏలోనూ మెండోజా తండ్రి నుంచి మెండోజా కొడుక్కి పీఠం బదిలీ అయింది. మన రాజకీయాలు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. అయినా ఒక పని మాత్రం జరిగింది. ఎవడు ఛాంపియనో తేల్చే అధికారం న్యూయార్క్‌లోని నాలుగు గదులు దాటి మెక్సికోకి, పనామాకి, వెనిజులాకి వెళ్లింది. పాత ఎనిమిది విభాగాల్లో అన్నిటికంటే కిందిది 50.8 కిలోల ఫ్లైవెయిట్. అంతకంటే తక్కువ బరువున్నవాడు ప్రొఫెషనల్ బాక్సింగ్ దృష్టిలో లేనట్టే. ఆ బరువుల వాళ్లు ఎక్కడుంటారు? థాయ్‌లాండ్‌లో, జపాన్‌లో, ఫిలిప్పీన్స్‌లో, కొరియాలో, మెక్సికోలో. 1975లో 49 కిలోల విభాగం, 1987లో 47.6 కిలోల విభాగం తెరిచింది ఈ అపఖ్యాతి సంస్థలే. ఒక్క పోటీ కూడా ఓడకుండా రిటైరైన మెక్సికన్ రికార్డో లోపెజ్ గొప్పతనం చాలావరకు ఆ 47.6 కిలోల విభాగంలోంచే పుట్టుకొచ్చింది. పాత లెక్కల ప్రకారమైతే అతనికి విభాగమే లేదు.

పోటీ సంస్థలుండటం వల్ల ప్రాణాలు కూడా దక్కాయని నా నమ్మకం. 1982 నవంబరులో లాస్ వెగాస్‌లో రే మాన్సినీతో డబ్ల్యూబీఏ టైటిల్ కోసం ఆడుతూ కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ 14వ రౌండులో కూలిపోయాడు, కొద్ది రోజులకే చనిపోయాడు. పోటీ జరిపించింది డబ్ల్యూబీఏ. నియమం మార్చింది మాత్రం దాని ప్రత్యర్థి. కొన్ని వారాల్లోనే డబ్ల్యూబీసీ తన టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12కి కుదించింది. మగతనం తగ్గిపోయిందని పాతకాలపు పెద్దలు సణిగారు. డబ్ల్యూబీఏ దిగిరావడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. ఆట మొత్తం ఒకే సంస్థ చేతిలో ఉండి, ఆ సంస్థ డబ్ల్యూబీఏ అయ్యుంటే, ఆ ఐదేళ్లూ ప్రపంచంలోని టైటిల్ పోటీలన్నీ 15 రౌండ్లే సాగేవి. 12 రౌండ్లు కూడా ఆడదగ్గవేనని చూపించడానికి ఎదురుగా మరో నమూనా ఉండేది కాదు.

అవినీతి మాటేమిటి అంటారు. ఉంది, దండిగా ఉంది. ఛాంపియన్ పారితోషికంలో సుమారు 3 శాతం ఈ సంస్థలకు కట్టాలి, కాబట్టి బెల్టులు ఎన్ని ఎక్కువుంటే ఫీజులు అన్ని ఎక్కువ. ఐబీఎఫ్ వ్యవస్థాపకుడు బాబ్ లీ ర్యాంకులు అమ్ముకున్నాడని 1999లో అభియోగాలు వచ్చాయి. జ్యూరీ చాలా ఆరోపణలు కొట్టేసినా, మనీ లాండరింగ్, పన్ను ఎగవేత వంటి నేరాల్లో శిక్ష పడింది. జర్మన్ బాక్సర్ గ్రాసియానో రోకిజానీ 1998లో టైటిల్ గెలిస్తే, అది అసలు టైటిలే కాదు, కాగితాల్లో అచ్చుతప్పు అని డబ్ల్యూబీసీ తర్వాత బుకాయించింది. 2002లో అమెరికా జ్యూరీ 30 మిలియన్ డాలర్ల పరిహారం కట్టమనేసరికి దివాలా దాకా వెళ్లింది. ఆ అచ్చుతప్పు బాక్సింగ్‌లోకెల్లా ఖరీదైన అచ్చుతప్పు అయ్యుంటుంది. అయితే బాబ్ లీ దొరికిపోయాక కూడా బాక్సర్లకు మరో మూడు గుమ్మాలున్నాయి. ఒకే సంస్థ ఉన్నచోట ఆ సంస్థే కుళ్లిపోతే?

దీనికి జవాబు వెతకడానికి మనం దూరం వెళ్లనక్కర్లేదు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో దశాబ్దాల పాటు ఒకే సంస్థ ఉండేది. ఐబా. ఒకే ఛాంపియన్, ఒకే ర్యాంకింగ్, అభిమానులు కలలుగనే ఏర్పాటు అంతా అక్కడ ఉంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఫలితాలు తారుమారు చేసే యంత్రాంగం నడిచిందని 2021లో మెక్‌లారెన్ స్వతంత్ర దర్యాప్తు నివేదిక బయటపెట్టింది. ఒలింపిక్ కమిటీ 2019లో ఆ సంస్థను సస్పెండ్ చేసింది, 2023 జూన్‌లో గుర్తింపే రద్దు చేసింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ టైటిళ్లు గెలిచింది ఆ సంస్థ పోటీల్లోనే. ఆమె పిడికిలిలో లోపం లేదు, పతకం ఇచ్చిన సంస్థలో ఉంది. రెండోసారి గెలిచిన మూడు నెలలకే ఆ సంస్థ ఒలింపిక్ లోకంలో వెలి అయింది. లాస్ ఏంజెలెస్ 2028 ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందా ఉండదా అన్నంతవరకు వచ్చింది. ఆటను నిలబెట్టిందెవరు? 2023లో పోటీగా పుట్టిన వరల్డ్ బాక్సింగ్ అనే రెండో సంస్థ.

ఇక బెల్టులు ఎక్కువుండటం వల్లే గొప్పవాళ్లు ఒకరితో ఒకరు తలపడటం లేదన్నది మరో వాదన. మేవెదర్-పకియావ్ పోటీ గురించి మాటలు 2009లో మొదలయ్యాయి, పోటీ 2015 మేలో జరిగింది. ఆ జాప్యంలో బెల్టుల పాత్ర ఏమీ లేదు. ప్రమోటర్ల పగలు, రెండు టీవీ సంస్థల పంతం, డోపింగ్ పరీక్షల మీద తగువు, ఇవీ అడ్డం పడ్డవి. నాలుగు బెల్టులు చెల్లాచెదురుగా ఉండటం వల్లే వాటిని ఒక్కచోట చేర్చాలన్న పందెం పుట్టింది. నాయోయా ఇనోవే రెండు విభాగాల్లో ఆ పని చేశాడు, టెరెన్స్ క్రాఫోర్డ్ మూడింటిలో చేశాడు. 2024 మేలో రియాద్‌లో హెవీవెయిట్ బాక్సర్ ఉసిక్, టైసన్ ఫ్యూరీని గెలిచినప్పుడు ప్రపంచం కళ్లార్పకుండా చూసింది ఆ నాలుగూ ఒక్కడి భుజాన ఎక్కాయనే. నెల తిరగ్గానే అతను ఐబీఎఫ్ బెల్టు వదులుకోవాల్సి వచ్చింది, అభిమానులు మండిపడ్డారు. కానీ ఆ చిరాకు తెప్పించే ‘తప్పనిసరి ఛాలెంజర్’ నియమమే లేకపోతే, పెద్ద ప్రమోటర్ అండలేని బాక్సర్ ఛాంపియన్‌ని బరిలోకి రప్పించడం ఎలా?

చిన్న బెల్టుల మీద కూడా నాకంత కసి లేదు. 2016 జులైలో ఢిల్లీలో విజేందర్ సింగ్ గెలిచిన డబ్ల్యూబీఓ ఆసియా పసిఫిక్ టైటిల్ ప్రపంచ టైటిల్ కాదు. దాన్ని ప్రపంచ టైటిల్‌లా ఊదిన టీవీ గోల విసుగు పుట్టించింది. అయినా ఆ బెల్టు లేకపోతే ఆ రాత్రి ఢిల్లీలో ప్రొఫెషనల్ బాక్సింగ్ చూడటానికి ఎవరు వచ్చేవారు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘ఒక్క బెల్టు’ కోరిక ఇంతకాలం అభిమానుల నిట్టూర్పుగా ఉండేది. ఇప్పుడది ఒక కంపెనీ వ్యాపార ప్రణాళిక. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే యూఎఫ్‌సీకి యజమాని అయిన టీకేవో, సౌదీ డబ్బుతో కలిసి 2025 మార్చిలో కొత్త బాక్సింగ్ సంస్థను ప్రకటించింది. అదే ఏడాది జులైలో అమెరికా ప్రతినిధుల సభలో ముహమ్మద్ అలీ పేరు పెట్టుకున్న ఒక బిల్లు వచ్చింది. కనీస పారితోషికం, వైద్య బీమా లాంటి మంచి నిబంధనలు అందులో ఉన్న మాట నిజం. కానీ దాని గుండెకాయ వేరు: పోటీలు నిర్వహించే కంపెనీయే ర్యాంకులు ఇవ్వొచ్చు, బెల్టూ ఇవ్వొచ్చు. 2000 నాటి అలీ చట్టం ర్యాంకింగులకు, ఫీజులకు, ప్రమోటర్ రాబడికి బహిరంగ లెక్క కావాలంది, ప్రమోటర్ మేనేజర్‌గా కూర్చోవడాన్ని నిషేధించింది. ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ లాంటి పద్ధతులను అడ్డుకునే రక్షణలవి. నాలుగు దొంగ సంస్థల బెడద తప్పించుకోవడానికి ఈ ఏర్పాటులోకి వెళ్లడం పెనం మీంచి పొయ్యిలో పడటమే.

ఒక్క యజమాని, ఒక్క బెల్టు నమూనా ఎలా పనిచేస్తుందో యూఎఫ్‌సీలో కళ్లెదుటే ఉంది. ఫైటర్లు వేసిన గుత్తాధిపత్య కేసులో బయటపడ్డ లెక్కల ప్రకారం రాబడిలో వాళ్లకు దక్కేది సుమారు 20 శాతమో, ఇంకా తక్కువో. పెద్ద బాక్సింగ్ పోటీల్లో సగానికి పైగా బాక్సర్లకే వెళ్లడం మామూలు. ఆ కేసును కంపెనీ 375 మిలియన్ డాలర్లకు రాజీ చేసుకుంది. 2025 డిసెంబరులో ఫీజు కట్టలేదని డబ్ల్యూబీసీ క్రాఫోర్డ్ టైటిల్ లాగేసుకుంటే, అతను ఆ సంస్థను బహిరంగంగా ఎద్దేవా చేశాడు. చేయగలిగాడు, ఎందుకంటే ఆ బెల్టు ఇచ్చేవాళ్లు అతని యజమానులు కాదు.

ఇంటరిమ్‌లు, గోల్డ్‌లు రద్దు చేయమని అడుగుదాం. 2021లో మేస్త్రే-ఫాక్స్ పోటీలో తీర్పు రచ్చకెక్కాక ఇంటరిమ్‌లు తీసేస్తున్నానని చెప్పి, మళ్లీ తెచ్చిన డబ్ల్యూబీఏని నిలదీద్దాం. ర్యాంకింగుల పద్ధతి బయటపెట్టమందాం, ఫీజులకు పరిమితి పెట్టమందాం. ఇవన్నీ కావాలంటే 2000 నాటి చట్టానికి ఇంకా కోరలు పెట్టాలి. అమెరికన్ కాంగ్రెస్ ముందుకు వచ్చిన ఆ కొత్త బిల్లు ఆ చట్టం నుంచి తప్పుకునే దొడ్డిదారి తెరుస్తోంది. బెల్టులు తగ్గుతాయి కదా అని అభిమానులు దానికి చప్పట్లు కొడుతున్నారు.