తెల్లచీర కట్టుకుంటే దెయ్యమేనా?

బ్లాక్ అండ్ వైట్ అనగానే పైకి తోసేసే బొటనవేలికి ఈ ఒక్కసారి బ్రేకేయండి. ఈ వారం మన సినిమా 'వో కౌన్ థీ?'. 1964లో వచ్చింది. డైరెక్టర్ రాజ్ ఖోస్లా, హీరో మనోజ్ కుమార్, హీరోయిన్ సాధన. రెండేళ్లకే, 1966లో, జగ్గయ్య, జయలలితతో తెలుగులో 'ఆమె ఎవరు?' పేరుతో తీశారు. అయినా కంగ్టిలో పెద్దోళ్లను కదిలిస్తే గుర్తొచ్చేది మాత్రం హిందీదే. వింతేం లేదు. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోదే. ఈ సరిహద్దు ఊళ్లల్లో తెలుగు, కన్నడ, మరాఠీ, హిందీ కలిసే వినిపిస్తాయి. ఇక హిందీ సినిమాకి డబ్బింగ్ ఎందుకు?

కథ మొదలు ఇలా. జోరు వాన. డాక్టర్ ఆనంద్ కార్లో పోతుంటే రోడ్డు మధ్యలో తెల్లచీరలో ఒకామె. లిఫ్ట్ ఇస్తాడు. వైపర్లు ఆగిపోతాయి, దారి కనబడదు. ఆమెకి మాత్రం కనబడుతుంది! దారి చెప్పి చెప్పి స్మశానం గేటు దగ్గర దిగుతుంది. ఆ తర్వాత అమ్మ పోరు పడలేక, పిల్లను చూడకుండానే పెళ్లి చేసుకుంటాడు. ముసుగు తీస్తే అదే మొహం.

ఇంటర్ చదివే కుర్రాళ్ల తీర్పు: "స్లో ఉందన్నా. 1.5ఎక్స్‌లో పెట్టి చూసినం." అయ్యో! సస్పెన్స్‌ని స్పీడు పెంచి చూడటమంటే బిర్యానీని దమ్ము కాకముందే మూత తీసినట్టు. ఆ వానలో భయం ఉన్నదే ఆలస్యంలో. పైగా కలర్ ఉంటే ఆ తెల్లచీర అంత వెలగదు, ఆ చీకటి అంత మింగదు. 1960లో హిచ్‌కాక్ 'సైకో' రిలీజ్ చేసినప్పుడు సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వొద్దని థియేటర్లకి రూలు పెట్టాడు. ఆయన మన ఫోన్లు చూస్తే ఏమనేవాడో!

డెబ్భై దాటిన ఓ తాతకి కథ సగమే గుర్తుంది, పాటలు మాత్రం పూర్తిగా. 'లగ్ జా గలే' రీల్స్‌లో మీరూ వినే ఉంటారు, అది ఈ సినిమాదే. మదన్ మోహన్ మ్యూజిక్, లత గొంతు. ఇంకో పాట 'నైనా బర్సే' షూటింగ్ టైమ్‌కి లత పాడిన రికార్డు లేకపోతే, మదన్ మోహన్ స్వయంగా పాడిన ట్రాక్‌కే సాధన పెదాలు కదిపింది. మగ గొంతుకి పాడుతున్న దెయ్యం! తెర మీద మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

ఇక అసలు గొడవ క్లైమాక్స్ మీద. అరవై ఏళ్ల సినిమాకి స్పాయిలర్ ఏంటంటారా? అయినా చెప్తున్నా, చూడాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగిపోండి. దెయ్యం లేదు, గియ్యం లేదు. కవల అక్కాచెల్లెళ్లు. ఆనంద్‌కి ఆస్తి రావాలంటే అతని బుర్ర సరిగ్గా ఉండాలన్నది షరతు. పిచ్చోడని తేలితే ఆ ఆస్తి రమేశ్‌కి పోతుంది. అందుకే ఈ నాటకమంతా. రమేశ్‌గా ప్రేమ్ చోప్రా.

"కవలలంటే చీటింగ్ కాదా?" అని కుర్రాళ్లు. నాకూ కొంచెం అలాగే అనిపించింది. తాత ఒక్క ముక్కలో కొట్టిపారేసిండు: "ఏం దయ్యం రా? గంతా పైసల కోసమే చేసిన్రు."

కానీ అందరికంటే పదునైన మాట ఆ ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయిది. "సంధ్య ఏం తప్పు చేసింది? పెళ్లైన దినం నుంచి మొగుడు ఆమెను దయ్యం లెక్కనే చూస్తడు. నువ్వెవరు అని మనసులనే అనుకుంటడు గానీ, కూసోబెట్టి ఒక్కసారన్న అడిగిండా?"

నిజమే కదా. సినిమా పేరే ఆ ప్రశ్న. ఊరంతా, డాక్టరంతా, చివరికి మనమూ అదే అనుకుంటూ చూస్తాం. జవాబు తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది, ఆమె మాట మాత్రం చెల్లదు. చదువుకున్న డాక్టరే అంత తొందరగా నమ్మేస్తే మిగతావాళ్ల సంగతేంటి? చేతబడి, బాణామతి అని అనుమానించి మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఉమ్మడి మెదక్ జిల్లాకి కొత్త కాదు. ఆ అనుమానం చాటున పాత పగో, భూమి తగాదానో లేదా అని ఎంతమంది ఆరా తీశారు? సినిమాలో అయితే ఆఖరి రీల్లో పోలీసులొచ్చి ముడి విప్పుతారు.

కుర్రాళ్లు ఒప్పుకోలేదు. "అన్నా, గది సినిమా, గింత సీరియస్ ఎందుకు?" అన్నారు. ఆ అమ్మాయి ఫోన్ లాక్కుని, పెళ్లిరాత్రి సీన్‌కి వెనక్కి జరిపి, స్పీడు మామూలుగా పెట్టింది. "ఈసారి ఆమె మొఖం చూడుండ్రి, ఆయనది కాదు" అంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.