అలంకారానికి కాదు, అక్కరకు

ఖాళీ సీసాకు రంగు పూసి, మెడకు జనపనార తాడు చుట్టి, మెరుపుల పొడి చల్లితే చెత్త కాస్తా కళాఖండమైపోతుందని వీడియోలు ఊదరగొడుతున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, లెక్క దగ్గరే చిక్కు. ఆ ఒక్క సీసా కోసం రంగుడబ్బా, బ్రష్షు, గ్లూ గన్ కొత్తగా కొంటాం. నాలుగు నెలలకు దుమ్ము పట్టి మొహం మొత్తాక బయట పడేస్తే పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు. ఉత్త సీసా అయితే కొలిమిలో కరిగి మళ్లీ సీసాగా వచ్చేది. జిగురు, తాడు అంటుకున్నది చెత్తకుప్పకే పోతుంది.

పాత వస్తువుతో ఏం చేసినా అడగాల్సింది ఒక్కటే: దీనివల్ల కొత్తది కొనే ఖర్చు తప్పిందా?

బొంత ఈ పరీక్షలో ఎప్పుడో నెగ్గింది. నలిగిన నూలుచీరలు నాలుగైదు పొరలుగా పరిచి, చిరుగులు లోపలికి, గట్టి భాగం పైకి వచ్చేలా సర్ది, అంచు నుంచి వరసగా కుట్టుకుంటూ పోయేవారు. కొన్నది దారపుండ ఒక్కటే. అద్దాల బీరువాలో ఎవరూ దాచలేదు, పరుచుకుని పడుకున్నారు.

ఎలక్ట్రానిక్స్‌కూ ఇదే కొలత. ఆరిపోయిన ఎల్‌ఈడీ బల్బునే చూడండి. హోల్డర్ నుంచి ఊడదీశాక తెల్ల మూత తీస్తే లోపల పలక మీద పసుపు చుక్కలు కనిపిస్తాయి. చాలా బల్బుల్లో వాటిని ఒకే వరసలో కలుపుతారు కాబట్టి, ఒక్కటి కాలినా మొత్తం ఆరిపోతుంది. నల్లమచ్చ పడ్డదే దోషి. టంకం చుక్కతో దాన్ని దాటేస్తే బల్బు మళ్లీ వెలుగుతుంది. మిగతావాటి మీద కాస్త భారం పడుతుంది కనుక రెండు మూడు కాలితే ఆశ వదులుకోవాలి. అలాగే లాప్‌టాప్ చచ్చినా హార్డ్‌డిస్క్ బతికుంటే, చిన్న కేసింగ్‌లో పెట్టి యూఎస్‌బీ డిస్కుగా వాడుకోవచ్చు.

కొన్నిటి జోలికి మాత్రం పోకూడదు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చితే భగ్గుమంటుంది. పాత టీవీ పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది, ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది. వాటిని అనుమతి ఉన్న రీసైక్లర్లకు ఇవ్వడమే మేలు.

2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో లెక్కాపత్రంతో సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. ఇంత కొండను మన చేతిపనులు తవ్వలేవు. మనదేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. మంచిదే. కానీ బ్యాటరీని జిగురుతో అతికించేసి, విడిభాగాలు దొరకనివ్వకపోతే వస్తువు చెత్తయ్యే ముహూర్తం ఫ్యాక్టరీలోనే ఖాయమవుతుంది. అందుకే బేరం దగ్గరే అడగాలి: బ్యాటరీ మార్చుకోవచ్చా? అయిదేళ్ల తర్వాత స్పేర్ పార్టులు దొరుకుతాయా? అమ్మేవాడు నీళ్లు నమిలితే, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా ఆ వస్తువును షాపులోనే వదిలేసి రావాలి.